కావడి బరువు

మా చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యా, గొలుసు ఇవ్వమంటావా, వద్దంటావా? నువ్వెలా చెబితే అలా చేస్తాను" అంది.

గొలుసు దాని మెడలోది. అడుగుతున్నవాడు దాని కొడుకు. డిగ్రీ పుచ్చుకుని, రెండేళ్ళు ఉద్యోగాల చుట్టూ తిరిగి, చివరికి విశాఖపట్నంలో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే పనిలో కుదురుకున్నాడు. ఇంటికి నాలుగు ఫోన్లుండి, ప్రతి ఫోనూ ఒక కెమెరా అయిన ఈ రోజుల్లో కూడా, పెళ్ళంటే మనవాళ్ళకు ఫొటోగ్రాఫరు కావాలి. సన్నాయి ఎలాగో అతనూ అలాగే. వాడి దగ్గర వృత్తి పనివాళ్ళు వాడే పెద్ద కెమెరా ఒకటుంది. లోపల అద్దం ఉండే పాతరకం. దాన్ని అమ్మేసి, పైన కొంత వేసి, అద్దం లేని కొత్తరకం చిన్న కెమెరా కొంటానంటాడు. ఆ పైన వేసే 'కొంత' కోసమే గొలుసు తాకట్టు.

నేను తెలుగు మేష్టర్ని. తిక్కన గొప్పా, ఎర్రన గొప్పా అంటే ఓ గంట మాట్లాడి, ఎటూ తేల్చకుండా గౌరవంగా బయటపడగలను. కెమెరాల మధ్య తీర్పు చెప్పమంటే ఏం చెప్పను? సరే, వాణ్ణి ఇంటికి రమ్మన్నాను. ఓ స్నేహితుడి దగ్గర కొత్తరకం కెమెరా ఎరువు తెచ్చుకుని, రెండూ భుజాన వేసుకుని వచ్చాడు.

మా ఆవిడ పెద్దదాన్ని రెండు చేతులా పట్టుకువెళ్ళి వంటింటి తూకం మీద పెట్టింది. లెన్సు లేకుండానే కిలోన్నరకి కాస్త తక్కువ తూగింది. లెన్సు పెడితే దాదాపు మూడు కిలోలు. చిన్నది తూస్తే ఇందులో సగం.

"స్నాతకం దగ్గర్నించి అప్పగింతలదాకా ఈ రుబ్బురోలు మెళ్ళో వేసుకు నిలబడతాడుటండీ పాపం! చిన్నదే కొనివ్వమనండి మీ చెల్లెల్ని" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది.

నేనూ ఆ తీర్పు మీదనే సంతకం పెట్టేద్దును. కాని ఓ సందేహం పట్టుకుంది. "ఒరే, తయారు చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు గదా! ఇంత బరువు ఎందుకు పెట్టారు?" అన్నాను. మావాడి మొహం వికసించింది. ఎవరూ అడగని ప్రశ్న అడిగాను కాబోలు.

వాడు చెప్పిందాని సారాంశం ఇది. పాతరకం కెమెరాలో లెన్సు వెనక ఏటవాలుగా ఓ అద్దం ఉంటుంది. వచ్చిన వెలుగును అది పైకి పంపితే, పైనున్న పలకల గాజుదిమ్మ దాన్ని తిప్పి మన కంటికి అందిస్తుంది. అద్దం నడిమిభాగం మాత్రం కొంత వెలుగును వెనక్కి దూరనిస్తుంది. అక్కడ ఇంకో చిన్న అద్దం. అది ఆ వెలుగును అడుక్కి దించుతుంది. ఆ అడుగున కూర్చుని ఉంటుంది ఫోకస్ చూసే కన్ను.

అది ఎలా చూస్తుందో తెలుసుకోవాలంటే ఓ పని చెయ్యండి. చూపుడువేలు ముక్కుకెదురుగా పెట్టుకుని, ఓసారి ఎడమకన్ను, ఓసారి కుడికన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. చెయ్యి చాచి వేలిని దూరం పెట్టి చూస్తే గెంతు తగ్గుతుంది. కెమెరా చేసేది కూడా ఇలాంటిదే. లెన్సు ఎడమవైపు నించి వచ్చిన బొమ్మనూ, కుడివైపు నించి వచ్చిన బొమ్మనూ పక్కపక్కన పెట్టి పోలుస్తుంది. రెండూ ఉండవలసిన ఎడంలో ఉంటే ఫోకస్ కుదిరినట్టు. తేడా ఉంటే, లెన్సు ఎటు జరగాలో, ఎంత జరగాలో ఆ తేడాయే చెబుతుంది. ఇంకేం, మోటారు తిరుగుతుంది.

అద్దాలకు చోటు కావాలి, గాజుదిమ్మకు చోటు కావాలి, మోటారుకూ చోటు కావాలి. కెమెరాకు బొజ్జ వచ్చింది అందుకే. పైగా వృత్తిలో వాడేదానికి వానకూ దుమ్ముకూ లొంగని లోహపు ఒళ్ళుండాలి. నిలువు బొమ్మలు తీసేటప్పుడు పట్టుకోవడానికి అడుగున రెండో పిడి, ఆ పిడిలో రోజంతా ఆగే బ్యాటరీ ఉండాలి. 2020లో వచ్చిన నికాన్ డి6 సెకనుకు 14 ఫొటోలు తీస్తుంది. అంటే ఆ అద్దం సెకనుకు 14 సార్లు లేచి పడాలన్నమాట. దాని షట్టరును నాలుగు లక్షల సార్లు కొట్టించి పరీక్షించారు. అంత దెబ్బకు తట్టుకోవాలంటే ఒళ్ళు గట్టిగా ఉండవద్దూ? ఇంతాచేసి, అద్దం లేచినంతసేపూ అడుగునున్న కంటికి వెలుగందదు. అంతలో మళ్ళీ దిగాలి, చూడాలి, లేవాలి.

బరువు తగ్గించాలనే తాపత్రయం కొత్తది కాదు. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసం మనిషి. గాజుపలకల కెమెరా మోస్తూ కొండలెక్కలేక, సినిమా ఫిల్ము మీద తీసే చిన్న కెమెరా ఒకటి 1913లో చేసుకున్నాడు. 1925లో అది లైకా పేరుతో అమ్మకానికి వచ్చింది. ఛాతీ బరువు తగ్గింది గాని, నెగెటివు చిన్నదైపోయింది. దాన్ని ఎన్నో రెట్లు పెంచి అచ్చువెయ్యాలి గనక, లెన్సులో ఏ చిన్న లోపమున్నా దానితోపాటే పెరుగుతుంది. బరువు కాస్తా లెన్సు చేసేవాడి నెత్తిన పడ్డది.

తరవాత ఫోకస్ కూడా యంత్రమే చూసుకునే రోజులొచ్చాయి. 1985లో మినోల్టావారు ఆ మోటారును కెమెరా ఒంట్లో పెట్టారు. 1987లో కెనాన్‌వారు ప్రతి లెన్సులోనూ ఓ మోటారు పెట్టారు. 2006లో నికాన్‌వారు డి40 అనే చిన్న కెమెరా చేస్తూ ఒంట్లోని మోటారు తీసేశారు. కెమెరా ముచ్చటగానే ఉంది. కాని సొంత మోటారు లేని పాత లెన్సులు దానికి తగిలిస్తే చేత్తో తిప్పుకోవలసిందే.

"అయితే చిన్నది కొంటే ఏది పోతుందో చూడాలన్నమాట" అన్నాను.

"ఇంట్లో కూర్చుంటే తెలీదు మామయ్యా. మీరు అరకు వెళ్తున్నారుగా, నేనూ వస్తాను" అన్నాడు.

మన్యంలో పాటలు వినడానికీ, రాసుకోవడానికీ ఏటా వెళ్ళడం నాకలవాటు. అది వలిసె పూల కాలం. పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కాం. రైలు సొరంగంలో దూరినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతున్నారు. బైలదిల్లా ఇనపఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడం కోసం 1960ల్లో వేసిన దారి ఇది.

"మన కొండలమీదుగా వెళ్ళిన ఇనుమే కెమెరాగా తిరిగొచ్చింది కాబోలురా" అన్నాను.

"ఇది ఇనుము కాదు మామయ్యా, మెగ్నీషియం కలిసిన లోహం. ఇనుమైతే అత్తయ్య తూకం విరిగిపోయేది" అన్నాడు.

అరకులో దిగి, జీపులో డుంబ్రిగుడ దాటి, అక్కణ్ణించి కాలిబాటన నడక. సంత రోజు. ఎదురుగా కావళ్ళు దిగుతున్నాయి. ఓ కావడిలో ముందువైపు అల్లం, వెనకవైపు పసుపు. మోసేవాడు మధ్యలో ఓచోట ఆగి, ముందు బుట్టలోంచి కొంత తీసి వెనక బుట్టలో వేసి, బద్ద కాస్త జరిపి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. బరువు తగ్గలేదు, సర్దుకుందంతే.

మావాడు అది చూసి, "కెమెరా చేసేవాళ్ళూ ఇదే చేస్తారు మామయ్యా" అని లెక్క చెప్పాడు. అద్దం తీసేసిన సోనీవారి ఏ9 2017లో వచ్చింది. బ్యాటరీతో కలిపి 673 గ్రాములు. నికాన్‌వారు 2021లో జెడ్9 చేసినప్పుడు, అద్దం తీసేసి కూడా బొజ్జ ఉంచారు. అది 1340 గ్రాములు. లోపలి సరుకు దాదాపు అదే ఉంచి, అడుగు పిడి కోసేసి 2023లో జెడ్8 చేశారు, అది 910. ఇద్దరూ ఒకేలా చూస్తారు, ఒకే వేగంతో తీస్తారు. కాని ఒకే కొలతతో లెక్కగడితే ఒక్క బ్యాటరీకి పెద్దది సుమారు 700 ఫొటోలు తీస్తే, చిన్నది సుమారు 330 తీస్తుంది. అద్దం ఉన్న రకంలో వెలుగే కంటికి నేరుగా వస్తుంది. అద్దం లేనిదాంట్లో ఫొటో పట్టే సెన్సరు ఎప్పుడూ మేలుకుని ఉండి, చిన్న తెరమీద బొమ్మ చూపిస్తూ ఉండాలి. బ్యాటరీ తింటుంది, ఒళ్ళు వేడెక్కుతుంది. పైగా కిలోన్నర లెన్సు ముందు తగిలిస్తే చిన్న కెమెరా ముందుకు తూలుతుంది. తీసేసిన నాలుగువందల గ్రాముల్లో కొంత మళ్ళీ అదనపు బ్యాటరీలుగా జేబులో చేరుతుంది, కొంత మణికట్టు మీద పడుతుంది.

"మరి లాభమేమిట్రా?"

"చూపు, మామయ్యా. పాతదాంట్లో ఫోకస్ చూసే చుక్కలన్నీ నడుమ గుంపుగా ఉంటాయి. కొత్తదాంట్లో సెన్సరు మీదే, దాదాపు అంచులదాకా ఉంటాయి. అదే మనిషి మొహం పోల్చుకుని, కన్ను ఎక్కడుందో పట్టుకుంటుంది. వధువు తల తిప్పినా వదలదు."

మర్నాడు పొద్దున్న లేచేసరికి లోయంతా మంచు. మావాడు పూలచేను తీద్దామని చిన్న కెమెరా ఎత్తితే, లెన్సు ముందుకీ వెనక్కీ కొట్టుకుందేగాని ఎక్కడా నిలవలేదు. పోల్చడానికి ఓ గీతైనా కనబడాలి గదా! తెల్లటి గోడలాంటి మంచులో ఎడమబొమ్మేది, కుడిబొమ్మేది? పెద్దదాని గతీ అంతే. చివరికి చేత్తో తిప్పుకుని తీశాడు. చలికి చిన్నదాని బ్యాటరీ ఎనిమిది గంటలకే సగానికి దిగింది. ఊళ్ళో కరెంటు ముందురోజు పోయింది, ఇంకా రాలేదు. కెమెరాకు పెట్టినట్టే నా మనసులో పెద్దదానికి ఓ మార్కు పెట్టాను.

సాయంత్రం మేం వెళ్ళిన ఇంట్లో ఓ అవ్వ ఉంది. నేను వినడానికి వచ్చింది ఆవిడ పాటనే. ముక్కుకు మూడు పుడకలు, నవ్వితే ఒకే పన్ను. ఆవిడ పాట ఎత్తుకుంటే, పాతికేళ్ళనించి పాటలు రాసుకుంటున్న నేను కలం పట్టుకోవడం మరిచిపోయాను. మావాడు పెద్ద కెమెరా ఎత్తాడు. అంత లెన్సు తనకేసి తిరిగేసరికి అవ్వ పాట ఆపేసి, కొంగు నెత్తిమీదికి లాక్కుని, రేషను కార్డు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. టపటపా నాలుగు దెబ్బలు వినబడ్డాయి. అంతే, ఇంక నోరు విప్పదు.

చీకటిపడే వేళకు తుడుము, డప్పు మోగాయి. ఆడపిల్లలు ఒకరి నడుం వెనకనించి ఒకరు చేతులు కలిపి థింసా మొదలుపెట్టారు. మావాడు పెద్దదాన్ని సంచిలో పెట్టేసి, చప్పుడు చెయ్యని చిన్నదాన్ని చేతిలో ఇముడ్చుకుని ఓ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి వాణ్ణి అందరూ మరిచిపోయారు. అవ్వ కూడా లేచి వచ్చింది. మనవరాలు వరసలో ఆడుతోంది. ఆ పిల్ల భుజం వెనక నిలబడి, తాళం వేస్తూ, పాడుతూ, పకపకా నవ్వింది. మావాడు వరసగా తీశాడు. "మామయ్యా, దొరికింది!" అని గుసగుసలాడాడు. చిన్నదానికి మూడు మార్కులు పెట్టేశాను.

బయల్దేరేటప్పుడు అవ్వ, "బొమ్మ తెస్తారా బాబూ?" అనడిగింది. సంక్రాంతికి తెచ్చి ఇస్తామన్నాం. ఈ మాటకు నా దగ్గర విలువ ఉంది. 1940ల మొదట్లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు, ఇవే తూర్పు కనుమల్లో, గోదావరి పక్కన కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ళను గురించి పుస్తకం వేశాడు. గొప్ప పుస్తకం. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో ఒక విద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఫొటో ఎప్పుడూ తీసినవాడి వెంటే వెళ్ళిపోతుంది. తీయించుకున్న మనిషి గుమ్మానికి తిరిగి రావాలంటే ఎవరైనా మోసుకు రావాలి.

ఇంటికొచ్చి పెద్ద తెరమీద చూస్తే మావాడి మొహం మాడిపోయింది. ఆ నవ్వే బొమ్మలు పదిహేనుంటే, పదిహేనింటిలోనూ మనవరాలి కళ్ళు, కంటిరెప్పలతో సహా లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. వెనక అవ్వ మసక. వెలుగు చాలదని లెన్సు నోరు పూర్తిగా తెరిచాడుట. అలా తెరిస్తే స్పష్టంగా పడే మేర బాగా తక్కువ. ఒక మనిషి కళ్ళు కుదిరితే రెండడుగుల వెనకున్న మనిషి కుదరదు. దగ్గరగా, పెద్దగా కనిపించే మొహాన్ని కెమెరా తనంత తానే ఎంచుకుంది. చిన్న తెరమీద అందరూ తేటగానే కనిపించారు. పెద్ద కెమెరాతో తీసిన నాలుగింటిలో అవ్వ ముడతలు ఒక్కొక్కటీ స్పష్టంగా ఉన్నాయి. కాని ఆ బిగుసుకున్న మొహం అవ్వది కాదు.

"మళ్ళీ వెళ్ళినప్పుడు బాగా తీసి, అదే ఇద్దాం మామయ్యా" అన్నాడు. నేనూ సరేనన్నాను. సంక్రాంతికి వాడికి పెళ్ళి బేరాలు, నాకు పరీక్ష పేపర్లు. మాఘమాసం వచ్చింది.

మేం వెళ్ళేసరికి అవ్వ లేదు. పండగ వెళ్ళిన వారానికే పోయిందట.

మావాడి సంచిలో రెండు కెమెరాలూ ఉన్నాయి. బయటికి తీసేందుకు ఏముంది? ఎందుకైనా మంచిదని అచ్చువేయించి తెచ్చిన రెండు బొమ్మలూ ఇచ్చాం. కొడుకు, కొంగు కప్పుకు బిగుసుకున్న బొమ్మ తీసుకుని గోడకు ఆనించి, చాలాసేపు చూశాడు. రెండోది మనవరాలి చేతికి వెళ్ళింది. ఆ పిల్ల ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి. తన మొహం చూసుకుని ముందు మురిసింది. తరవాత వెనకకు చూసింది. కాసేపు మాట్లాడలేదు.

"నేను అడ్డం వచ్చేశానా సార్?" అంది.

మావాడు ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "లేదమ్మా. నువ్వు ఉండవలసినచోటే ఉన్నావు. ఎవర్ని చూడాలో కెమెరాకు నేను చెప్పలేదు. తప్పు నాది" అన్నాడు.

తిరుగు రైల్లో బొర్రా దాటేదాకా వాడు నోరు విప్పలేదు. ఆ తరవాత తనే అన్నాడు: "ఎవరి మొహం కావాలో ఎంచుకోవడానికి దానిమీద చిన్న మీట ఉంది మామయ్యా. మొహాలు వెతకడం మానిపించి, ఒకే చుక్క అవ్వ కంటిమీద పెట్టుకునే వీలూ ఉంది. పాతదాంతో పనిచేసినన్నాళ్ళూ చుక్క నేనే పెట్టుకునేవాణ్ణి. కొత్తది అన్నీ చూసుకుంటుందని చూడడం మానేశాను."

నాకు తోచింది చెప్పాను. చిన్న కెమెరా చెడ్డది కాదు. అదే లేకపోతే అవ్వ నవ్వు మసగ్గానైనా దక్కేది కాదు. వాడి మెడకూ, ఎదుటివాళ్ళ బిడియానికీ అదే మంచిది. కాని తయారుచేసినవాళ్ళు అద్దం బరువు తీసి బ్యాటరీల్లో పెట్టినట్టే, చేతిపని తగ్గించి, ఆ పనిని తీసేవాడి మనసులో పెట్టారు. ఎక్కడ కన్నున్నదో వెతకడం యంత్రం పని. ఎవరి కన్నో చెప్పడం మనిషి పని. ఈ రెండోదాని బరువు ఏ తూకం మీదా కనబడదు గనక, అది లేదనుకుంటాం.

రాత్రి చెల్లెలికి ఫోను చేశాను. నేను నోరు విప్పేలోగా అదే అంది: "వాడు చెప్పాడులే అన్నయ్యా. గొలుసు వద్దుట. ఈ వేసవి ముహూర్తాలు పాతదాంతోనే గడిపి, వచ్చిన డబ్బు దాచుకుని శ్రావణంలో చిన్నది కొనుక్కుంటాడుట."

ఈ మాట చెబితే మా ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. "బాగానే ఉంది. అయితే ఆ మూడు కిలోలూ వేసవంతా వాడి మెళ్ళోనే ఉంటాయన్నమాట" అని నిట్టూర్చింది.

ఉంటాయి మరి. వాళ్ళమ్మ మెడలో గొలుసు ఉండాలంటే వాడి మెడలో అవి ఉండాల్సిందే.